నిప్పుకి అసోసియేషన్ ఉందా?

ఒరే అబ్బాయ్, మీ ఆఫీసు చూసొచ్చాను. కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద అద్దాల మేడ, లోపల చలి, బయట ఎండో వానో తెలియదు. ఒక్క అంతస్తులో నాలుగు కంపెనీలు. గోడకి వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండర్ చూపించి, ఇదెవరు వాడతారురా అంటే, "బిల్డింగ్ వాళ్ళు తాతా" అన్నావు. కింద కాపలా ఆయన్ని అడిగితే, అది ఆయా కంపెనీల పనన్నాడు. పక్క కంపెనీ అమ్మాయికి అక్కడ సిలిండర్ ఉందనే తెలియదు, దానికెవరో హెల్మెట్ తగిలించారు మరి. అసలు ఎవరిదిరా ఇది అంటే చివరికి తేలింది, అసోసియేషన్‌దట! నిప్పు అంటుకుంటే అసోసియేషన్‌కి అర్జీ పెట్టుకుని మరీ కాలుతుందా?

మా రోజుల్లో పీలమేడులో మిల్లు సంగు ఊదితే ఊరికి తెల్లారేది. మా బ్లో రూము, అదే దూది విప్పి దులిపే గది, దాని సంగతి నీకేం తెలుసు? దూది బేలులో చిన్న ఇనపముక్క దాగుంటే చాలు, బీటర్‌కి తగిలి రవ్వ లేచేది. దూదికి రవ్వ చాలదూ! అందుకే బీడీలూ అగ్గిపెట్టెలూ గేటు దగ్గరే లాక్కునేవాళ్ళు. గోడ వెంట ఇసుక నింపిన ఎర్ర బక్కెట్లు. వాటి అడుగు గుండ్రంగా ఉండేది, ఎందుకనుకున్నావు? ఇంటికి పట్టుకుపోయినా నేల మీద నిలబడదు. మనవాళ్ళ గుణం బాగా ఎరిగినవాడెవడో కనిపెట్టుంటాడు. ఏ బక్కెట్ ఎవరు అందుకోవాలో, మెయిన్ ఎవరు ఆపాలో, తలుపెవరు తీయాలో షిఫ్టులో ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడేమో నేషనల్ బిల్డింగ్ కోడ్ అని 2016లో అచ్చేశారు, అందులో నాలుగో భాగం మొత్తం నిప్పు గురించేనట. మాకు మేస్త్రీ అరుపే కోడు.

"మరి మీ మిల్లులు కాలలేదా" అని నవ్వకు. కాలాయి. దూది బేలు పైకి ఆరినట్టే ఉండి లోపల్లోపల రగులుతుంది, మీ జేజి కోపంలా. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది చూడు, అందులోనూ దూది బేళ్ళే, పక్కన మందుగుండు. మంట ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది పోయారు. ఏటా ఆ తారీఖునే వాళ్ళని తలుచుకుంటూ వారోత్సవాలు చేస్తారు. మీ ఆఫీసులో ఆ రోజు ఏం చేశారంటే కేకు కోశారన్నావు, ఎవరిదో పుట్టినరోజట.

నిప్పు ఎవరి బాధ్యతో తెలియని ఈ తెగులు కొత్తవాళ్ళకే అనుకోకు. మీ జేజి పుట్టిల్లు మదురై కదా, 2018 ఫిబ్రవరి 2 రాత్రి మీనాక్షమ్మ గుళ్ళో వీరవసంతరాయ మండపం దగ్గర కొట్లు అంటుకున్నాయని తెలిసి తెల్లారేదాకా ఏడ్చింది. మన నాయకరాజుల కాలం నాటి రాతి పని, మంట వేడికి పగిలిపోయింది. వరసగా కొట్లు, ఎవరి తాళం వాళ్ళది, మండపం మాత్రం ఎవరిదీ కాదు. తర్వాత కోర్టు గుళ్ళో కొట్లు ఎత్తేయమంది. రాయే ఆగలేదు, నీ అద్దమూ ప్లైవుడ్డూ ఆగుతాయా?

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మాట ఎత్తితే నాకు నోరు రాదు. 2023 మార్చి 16 సాయంకాలం అక్కడ మంటలు లేచాయి. నీ ఈడు పిల్లలు ఆరుగురు, ఉద్యోగాలకి పట్నం వచ్చినవాళ్ళు. పొగకి ఊపిరాడకే పోయారు. పొగ ఏ కంపెనీవాడివని అడగదు నాయనా.

కాబట్టి నేను చాదస్తంగా అడుగుతాను, నువ్వు చెప్పు. ఆ మెట్ల మీద పాత కుర్చీలూ ఏసీ డబ్బాలూ ఎవరివి? వెనక తలుపుకి దొంగల భయమని తాళమేశారే, తాళంచెవి ఎవరి జేబులో ఉంది? ఒకే ప్లగ్గుకి కెటిలూ, ఫోన్లూ, ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సూ! సిలిండర్ ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో ఎప్పుడన్నా చూశావా? పిన్ను లాగి మంట మొదలు మీద కొట్టాలి, పైన నాలుకల మీద కాదు. కరెంటు మంటకి నీళ్ళు పోశావంటే మంటకంటే ముందు నువ్వే పోతావు. డ్రిల్ గంట మోగితే మీటింగ్ అయ్యాక దిగుదామని కూర్చున్నారటగా! నేనైతే లిఫ్టు జోలికి పోకుండా మెట్ల మీదే దిగేవాణ్ణి. మోకాళ్ళు అన్ని అంతస్తులు దిగనిస్తాయా అంటే, అందుకేరా మిల్లులన్నీ నేల మీద పరిచినట్టు కట్టారు, తెలివైనవాళ్ళు.

ఫైరింజన్ నంబరు 101 అన్నా నోటికొచ్చా, అదీ ఫోనులో వెతుకుతావా? మా మిల్లులో ఫోను ఒక్కటే, మేనేజరు గదిలో, దానికి తాళం. రాత్రి షిఫ్టులో ఏదన్నా అయితే ఒకడు సైకిలేసుకుని ఆయన ఇంటికెళ్ళి, నిద్రలేపి, తాళంచెవి తేవాలి. సరే, ఆ ఒక్కదాంట్లో మీ రోజులే మేలనుకో. ఒక్కదాంట్లోనే.