మీ ఊరి పేరు తప్ప!

నల్లగొండ జిల్లాలో హోటల్ పెట్టదలచినవారికి మొదటి నియమం: బోర్డు మీద నల్లగొండ అని రాయించకండి. మహబూబ్‌నగర్ వైపు పెట్టేవారికీ అంతే, పాలమూరు మాటే ఎత్తకండి. ఇది చట్టమేమీ కాదు. చట్టమైతే మనవాళ్లలో ఎవరో ఒకరు ధిక్కరించి ఉండేవారు.

నమ్మకపోతే హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు రహదారి పట్టుకొని చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట దాకా బోర్డులు చదువుకుంటూ పోండి. అటు 44వ నంబరు మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాకా చదవండి. గోదావరి రుచులున్నాయి, రాయలసీమ రుచులున్నాయి, నెల్లూరు చేపల పులుసుంది, గుంటూరు కారముంది, ఉడుపి ఇడ్లీ ఉంది, అరేబియా మండి ఉంది. మీరు బండి ఆపి దిగిన నేల మాత్రం ఏ బోర్డు మీదా దొరకడం కష్టం.

నది పేరే కావాలంటే కృష్ణ పక్కనే ఉంది. తెలంగాణలో అడుగు పెట్టేదే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, సాగరమై నిలిచేది నల్లగొండ జిల్లా అంచున. అయినా పులుసు అనగానే గోదావరి తల్లినే పిలుస్తారు. కృష్ణ అంటే మనకు వాటాలు, ట్రిబ్యునళ్లు, ఎత్తిపోతలు. అందులో చేపలు కూడా ఉంటాయని బోర్డు రాసేవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మండి సంగతి ఇంకా వింత. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంట అది. నిజాం కొలువుకు వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల పుణ్యమా అని హైదరాబాద్‌లో పేరు తెచ్చుకుంది. వాళ్లు వండుకుంటే అందం, అర్థం. కానీ మిర్యాలగూడ అంటే ఎక్కడ చూసినా బియ్యం మిల్లులున్న ఊరు. ఆ ఊళ్లో కూచొని ఒంటె బొమ్మ కింద అరబ్బుల అన్నం తింటున్నాం. మేక మనదే, వండేవాడు మనవాడే, ఒంటె ఒక్కటే దిగుమతి. ఇక ఇంటి చెలకలో పెరిగితే పుంటికూర, అదే మెనూ కార్డెక్కితే గోంగూర మటన్. పేరు మారిన మరుక్షణం ధరకు రెక్కలొస్తాయి.

పెద్ద పెద్ద కంపెనీలు కూడా ప్రాంతానికో పేరు పెట్టుకుంటాయి కదా అంటారు. పెట్టుకుంటాయి. వాటికి కారణాలు ఏడ్చాయి. 1971లో బర్గర్ కింగ్ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టబోతే, ఆ పేరు అప్పటికే అడిలైడ్‌లో ఇంకొకరి సొంతమైపోయింది. చేసేదిలేక తన మాతృసంస్థ అమ్ముకునే పాన్‌కేక్ పిండి పేరు అరువు తెచ్చుకొని హంగ్రీ జాక్స్ అయింది. అమెరికాలో రాజుగా ఉన్నవాడు ఆస్ట్రేలియా చేరేసరికి ఆకలిగొన్న జాక్ అయ్యాడన్నమాట. పుణెలో కథ అడ్డం తిరిగింది. అక్కడ 1992 నుంచి బర్గర్ కింగ్ పేరుతోనే నడుస్తున్న ఒక హోటల్ మీద అమెరికా కంపెనీ 2011లో దావా వేసింది. ఆ కంపెనీ మన దేశంలో తొలి దుకాణం తెరిచిందే 2014లో. ముందొచ్చింది ఎవరో లెక్క చూసి, జిల్లా కోర్టు 2024 ఆగస్టులో దావా కొట్టేసింది. తగాదా పై కోర్టులకెక్కింది. అమెరికాలోనే ఒకవైపు కార్ల్స్ జూనియర్, మరోవైపు హార్డీస్ అని రెండు బర్గర్ దుకాణాలు: 1997లో మొదటిదాని యజమాని రెండోదాన్ని కొనేసి, అక్కడివాళ్ల అలవాటు చెడగొట్టడమెందుకని బోర్డు అలాగే ఉంచాడు.

భయం కూడా ఒక కారణమే. దేశవిభజనలో సింధు నుంచి తరలివచ్చిన హిందూ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టుకుంది. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు శాఖలో కరాచీ అన్న మాట మీద గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ మీద దాడి జరిగింది. పోగొట్టుకున్న ఊరి పేరు బిస్కట్ డబ్బా మీద దాచుకున్నందుకు శిక్ష అది.

మన రోడ్డుపక్క హోటలాయనకు ఇందులో ఏ కష్టమూ లేదు. నల్లగొండ పేరు మీద ఎవరూ దావా వేయలేదు, ఎవరూ కొనలేదు, ఎవరూ రాళ్లు రువ్వలేదు. అడిగితే ఒకటే మాట: "మనూరి పేరు పెడితే బండెవడాపుతడు సారూ?" ఆయన లెక్క తప్పని అనలేను. ఈ దారిన పోయేవాడికి నల్లగొండ అంటే పంతంగి టోల్‌గేటుకూ కొర్లపహాడ్ టోల్‌గేటుకూ మధ్య దూరం, అంతే. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర కార్లు బారులు తీరతాయి చూడండి. తెల్లారితే గోదావరి ఒడ్డున అమ్మ చేతి పులుసు తినబోయే మనిషి, అప్పటిదాకా ఆగలేక నార్కట్‌పల్లిలోనే అదే పేరున్న పులుసు తిని, ఇంటికెళ్లి బాగాలేదని చెబుతాడు.

పాలమూరు పేరు అమ్ముడుపోదని మాత్రం అనుకోకండి. పాలమూరులోనే పోదు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్తే తెలంగాణ వంట, పల్లె రుచి అంటూ బోర్డులు వెలుగుతుంటాయి. గోడకు ఎడ్లబండి చక్రం, బల్ల మీద మట్టి మూకుడు, అందులో జొన్నరొట్టె. ఆ చుట్టుపక్కల అద్దాల మేడలకు తట్టలు మోసిన పాలమూరు కూలీలు అదే రొట్టెను ఉల్లిగడ్డ, కారం పెట్టుకొని మూటగట్టి తెచ్చుకునేవారు. అప్పుడది పేదోళ్ల తిండి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అది మిల్లెట్ అయింది, ఆరోగ్యమైంది. మూట విప్పిన చోటనే ఇప్పుడు బిల్లు మీద సర్వీస్ చార్జి పడుతోంది.

అయినా హోటళ్లనే తిట్టడం అన్యాయం. పాలమూరును 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ చేశారు. పాత నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్టను మొన్నటి ప్రభుత్వం యాదాద్రి చేసింది. 2024 నవంబరులో ఇప్పటి ముఖ్యమంత్రి మళ్లీ యాదగిరిగుట్టే అన్నారు. బండి నంబరు ఏపీ పోయి టీఎస్, టీఎస్ పోయి టీజీ అయింది. గుట్ట కింద టిఫిన్ సెంటర్ల వాళ్లకు ఇడ్లీ మీద మిగిలేదెంతో గానీ, బోర్డు పెయింటర్‌కు మాత్రం ఏ ప్రభుత్వమొచ్చినా పండగే.

మార్చకుండా, దాచకుండా లోకమంతా తిరిగిన పేర్లు మనకు రెండున్నాయి. ఒకటి పాలమూరు లేబర్. దేశంలో ఏ మూల డ్యాం కట్టినా, కాలువ తవ్వినా మేస్త్రీల నోట ఆ పేరే. రెండోది నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన ఊళ్ల పేరు మీదుగా వచ్చిన పద్ధతి అది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. టాంజానియాకూ ఇథియోపియాకూ అదే పేరుతో వెళ్లింది. అక్కడెవరూ దాన్ని గోదావరి టెక్నిక్ అనలేదు.

చెమటకూ విషానికీ పనికొచ్చిన మా ఊళ్ల పేర్లు పులుసుకు పనికిరాకుండా పోయాయి. ఈసారి ఆ దారిన పోయేటప్పుడు చిట్యాలలోనో జడ్చర్లలోనో ఆగి జొన్నరొట్టె, పచ్చిపులుసు అడగండి. లేదంటారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడే ఆగి, మళ్లీ అడగండి.