రాయలవారికి లాడ్జి బిల్లు

శ్రీకృష్ణదేవరాయలు అదృష్టవంతుడు. 1513 ప్రాంతంలో ఉదయగిరి మీదికి దండెత్తి వచ్చి, ఏడాదిన్నర పాటు కొండ కింద డేరాలేసుకుని కూర్చుంటే అద్దె అడిగినవాడు లేడు. ఇప్పుడైతే ఫోన్లో గది బుక్ చేసుకుని వచ్చేవాడు. దిగీ దిగగానే కౌంటర్లో కుర్రాడు ఏనుగులకు పార్కింగ్ వేరే అనేవాడు. కోటలోకి దారి కోసం బండలు పగలగొట్టించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసుకున్నాడు. దానికి డ్యామేజి ఛార్జి. 1514లో కోట గెలిచి, పోతూ పోతూ ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాజధానికి పట్టుకుపోయి గుడి కట్టించాడు. గదిలో సామాను తీసుకెళ్ళినందుకు డిపాజిట్ గోవిందా.

మనబోటివాళ్ళ దగ్గర ఏనుగులుండవు కనుక బిల్లు పెంచడానికి లాడ్జివాళ్ళు వేరే దార్లు వెతకాలి. ఏఎస్ పేట దర్గాకో, సోమశిల చూడ్డానికో బయల్దేరి ఆత్మకూరులో దిగిన సంసారి ఒకణ్ణి ఊహించుకోండి. ఫోన్లో గది 799. డబ్బు కట్టే పేజీకొచ్చేసరికి ‘సౌకర్య రుసుం’ అని ఒకటి చేరుతుంది. ఎవరి సౌకర్యమో రాయరు. దాని కింద ‘పన్నులు అదనం’. ఎంతో రాయరు. సరే, వేలు నొక్కేసి, సంచీలు మోసుకుని గదిలోకి చేరాక:

“ఏసీ రిమోట్ ఏదబ్బయా?”

“కౌంటర్లో ఉంటది సార్. మూడొందలు.”

“ఫోన్లో ఏసీ రూమని ఉందే?”

“ఏసీ ఉంది గదా సార్, గోడకి.”

“మేం ముగ్గురం.”

“మూడో మనిషికి నాలుగొందలు సార్. పరుపేస్తాం.” పరుపంటే దుప్పటి.

“వేణ్ణీళ్ళు?”

“పొద్దున ఏడు దాకా వస్తాయి. తర్వాతైతే బకెట్ లెక్క.”

“ఇరవై నాలుగ్గంటలని రాశారు. రేపు ఈ టైముకు ఖాళీ చేస్తే చాలు గదా?”

“లాడ్జి ఇరవై నాలుగ్గంటలు తెరిచుంటది సార్. రూము మాత్రం పన్నెండుకే.”

ఇందులో అబద్ధం ఎక్కడైనా ఉందేమో చూడండి. ఒక్కటీ దొరకదు. ఆ కుర్రాణ్ణి తిట్టినా లాభం లేదు, వాడి జీతం ఆ 799లో కూడా లేదు. గది అమ్మడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు గోడలూ తలుపూ 799కి ఇచ్చి, తక్కినవి స్పేర్ పార్టుల కొట్టులో లాగా విడిగా అమ్ముతారు. ఫ్యాను గాలికి ఇంకా రేటు కట్టలేదంటే అది మీటరు దొరక్కే గానీ దయతో కాదు.

ఇక ఫోటోలు. తెలుగునేల మీద ఆత్మకూరులు అరడజనుకు పైనే ఉన్నాయి. నంద్యాల జిల్లా ఆత్మకూరు దాటితే శ్రీశైలం దారి, నల్లమల అడవి. మన ఆత్మకూరు నుంచి సోమశిల ఆనకట్ట చూడాలన్నా మళ్ళీ బస్సెక్కాలి. ఫోన్లో గది కిటికీ తెరిస్తే మాత్రం అడవీ నీళ్ళూ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఉదయగిరిలో ఇంకో విచిత్రం. ఆ ఊళ్ళో కొండ కనపడకుండా ఇల్లు కట్టడమే కష్టం. అయినా ‘దుర్గం వ్యూ’ అని అదనంగా పుచ్చుకున్న గది కిటికీ పక్కింటి నీళ్ళట్యాంకు వైపు తెరుచుకుంటుంది. అలా కట్టడానికి ఎంత ఇంజనీరింగు కావాలి!

అదే ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే పనివాళ్ళున్నారు. వాళ్ళ చెంచాలకు జీఐ గుర్తింపు ఉంది. ఇంకెక్కడో చేసిన చెంచాను ఉదయగిరి చెంచా అని అమ్మితే చట్టప్రకారం నేరం. పులుసు కలుపుకునే గరిటెకు ఊరి పేరు మీద ఇంత రక్షణ ఉంది. పెళ్ళాంబిడ్డలతో పడుకోబోయే గదికి మాత్రం ఏ ఊరి ఫోటో అయినా తగిలించొచ్చు.

చట్టం లేదని కాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి ఆన్‌లైన్ మాయలు పదమూడింటిని పేర్లతో సహా నిషేధించింది. ముందు తక్కువ ధర చూపి, చివరిదాకా చుక్కచుక్కగా పెంచడం అందులో ఒకటి. అడక్కుండా బీమానో విరాళమో బుట్టలో వేయడం ఇంకొకటి. ‘ఒక్క గదే మిగిలింది, తొందరపడండి’ అని కంగారుపెట్టడమూ ఉంది. మంగళవారం మధ్యాహ్నం ఉదయగిరిలో ఒక్క గదే మిగలాలంటే రాయలవారి సైన్యం మళ్ళీ రావాలి.

అమెరికాలో 2025 మే నుంచి హోటలైనా, రోజుల లెక్కన ఇచ్చే ఇల్లయినా, తప్పక కట్టాల్సిన రుసుములన్నీ కలిపిన ధరే ముందు చూపాలని నిబంధన వచ్చింది. ఎయిర్‌బీఎన్‌బీ అంతకు నెల ముందే ప్రపంచమంతటా మొత్తం ధర చూపిస్తామని ప్రకటించింది. అంటే డాలస్‌లో స్థిరపడ్డ మనూరి అబ్బాయికి అక్కడ ధర ఒక్కసారే తెలుస్తుంది. అమ్మానాన్నల్ని చూడ్డానికి వచ్చి, ఇల్లు ఇరుకని భార్యాబిడ్డలతో లాడ్జిలో దిగితే విడతలవారీగా తెలుస్తుంది.

పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదుల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గించారు. ఆ కబురు కొన్ని కౌంటర్లకు ఇంకా చేరలేదు. జాతీయ రహదారి పక్కనే ఉన్నా సరే.

మీకు కడుపు మండిందనుకోండి. 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫిర్యాదు తీసుకుంటారు, కాకపోతే బిల్లుంటే బలం. కిందికి దిగి అడగండి.

“బిల్లు కావాలంటే జీఎస్టీ పడతది సార్.”

“ఫోన్లో కట్టిందాంట్లో ట్యాక్సు పట్టుకున్నారు గదా?”

“అది ఆన్‌లైన్ ట్యాక్సు సార్. ఇది మాది.”