తల వెడల్పు 72 మిల్లీమీటర్లు

రైలు పట్టాకు ‘నేను’ అనే అలవాటు లేదు. నడుము మీద ఉబ్బెత్తుగా అచ్చుపడ్డ అక్షరాలే దాని పేరు. సెక్షన్ ఏది, ఉక్కు ఏ రకం, చేసింది ఎవరు, ఏ నెల, ఏ ఏడాది అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే భిలాయి ఉక్కు కర్మాగారంలో పుట్టిన ఒక 60ఇ1 సెక్షన్ పట్టా ఆత్మకథ చెప్పుకోవాల్సి వచ్చినా ‘ఈ పట్టా’ అనే మొదలుపెడుతుంది.

ఈ పట్టాకు పుట్టిల్లు ఒకటే అయినా పుట్టుకకు కావలసినవి నాలుగు దిక్కుల నుంచి వచ్చాయి. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనులది, సున్నపురాయి నందినిది. విదేశీ బొగ్గు విశాఖ రేవులో దిగి కొండలు దాటి వచ్చింది. మనుషులూ అదే దారిన వచ్చారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకుని, 1960లో రైలు మిల్లు తిరిగే నాటికి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఎన్నో ఇక్కడ కాపురాలు పెట్టాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నాయి. ఈ పట్టా మాత్రం ఆ పాత మిల్లుది కాదు. 130 మీటర్ల పట్టాను అతుకు లేకుండా ఒకే ముక్కగా తీసే కొత్త యూనివర్సల్ రైల్ మిల్లుది. బరువు సుమారు 7.8 టన్నులు.

ఇక కొలతలు. ఎత్తు 172 మిల్లీమీటర్లు, తల వెడల్పు 72, నడుము మందం 16.5, పాదం వెడల్పు 150. తల వెడల్పు అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు దాటకూడదు. వినడానికి తేలికే. కానీ రోలర్ల నుంచి బయటపడే క్షణాన ఏ పట్టాకూ ఈ కొలతలు ఉండవు. అప్పుడు ఒళ్లు సుమారు 900 డిగ్రీల వేడి మీద ఉంటుంది. చల్లారితే ఒక శాతం పైగా కుంచించుకుపోతుంది. అంటే ఎత్తులో సుమారు 2 మిల్లీమీటర్లు, పొడవులో దాదాపు మీటరున్నర. కాబట్టి మిల్లు కావాలనే పెద్ద సైజులో తీస్తుంది, చల్లారాక సరిపోవాలని. వేడిని 50 డిగ్రీలు తప్పుగా లెక్కేస్తే ఎత్తులో మిల్లీమీటరులో పదో వంతు పైగా తేడా వచ్చినట్టే. అనుమతి ఉన్నదే అర మిల్లీమీటరు దరిదాపుల్లో అయినప్పుడు ఈ పదో వంతు చిన్న విషయం కాదు.

అందుకే మొదటి కొలత ఒళ్లు కాలుతుండగానే. చుట్టూ అమర్చిన లేజర్లు పట్టా మీద సన్నని వెలుగు గీత గీస్తాయి. పక్క నుంచి ఏటవాలుగా చూసే కెమెరాకు ఆ గీత తల గుండ్రం దగ్గర వంగి, నడుము దగ్గర లోపలికి పోయి కనిపిస్తుంది. ఆ వంపుల నుంచి కంప్యూటర్ అడ్డుకోత ఆకారాన్ని కట్టి, ఉండాల్సిన ఆకారం మీద పరిచి చూస్తుంది. కాలే ఉక్కు తానే ఎర్రగా వెలుగుతుంది కనుక ఇలాంటి చోట్ల నీలి లేజర్ పెట్టడం పరిశ్రమలో మామూలే. ఎర్ర గీత ఆ ఎరుపులో కలిసిపోతుంది మరి. తేడా కనబడితే రోలర్ల సందు సవరిస్తారు. తర్వాత వచ్చే పట్టా బాగుపడుతుంది. ముందు వచ్చినదాని సంగతి ఎవరూ అడగరు, అది ఈ పట్టాకు ఇప్పటికీ నచ్చని సంగతి.

చల్లారడంలోనూ ఒక చిక్కుంది. తల లావు, పాదం పలచన. పాదం ముందు చల్లారి బిగుసుకుంటుంది, తల తీరిగ్గా కుంచించుకుంటుంది. వదిలేస్తే ఎండలో ఆరబెట్టిన అప్పడంలా వంగిపోతుంది. అందుకని కూలింగ్ బెడ్ మీదికి చేర్చేటప్పుడే ఎదురు దిక్కుకు వంచి పెడతారు. తర్వాత స్ట్రెయిటనర్ రోలర్ల మధ్య అటూ ఇటూ వంచుతూ తిన్నగా చేస్తారు. ఆ నలుగుడులో ఎత్తు కాస్త తగ్గుతుంది, దాన్నీ ముందే లెక్కేసుకోవాలి. పైగా రోలర్ల మధ్య ఎడం ఉండటంతో రెండు కొసలు సరిగా చిక్కవు. వాటిని విడిగా ప్రెస్ కింద పెట్టి సరిచేయాలి.

కొసల దగ్గరే అసలు పరీక్ష. రెండు పట్టాల కొసలు కలిపి వెల్డు చేసినప్పుడు తలల్లో తేడా ఉంటే అక్కడ మెట్టు పడుతుంది. వెళ్లే ప్రతి చక్రం దాన్ని బాదుతుంది. పూర్వం ఇనుప టెంప్లెట్ ఆనించి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, సందులో ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూసేవారు. ఇప్పుడు పట్టా కదులుతుండగానే లేజర్లు చూసేస్తాయి. పట్టా ఊగడం వేరు, వంకరగా ఉండటం వేరు. ఆ తేడా తెలియడానికి వరుసగా పెట్టిన ఎన్నో సెన్సర్లు ఒకేసారి చదువుతాయి. అయినా అక్కడి ఇద్దరు కార్మికుల మాటలు ఈ పట్టా చెవిన పడ్డాయి:

“బాబాయ్, లేజర్ సూసేసింది కదేటి, మళ్లీ ఆ రేకెందుకు?”

“సూసిందిరా. కొసలు నాను కూడా సూత్తే గానీ నాకు నిద్దరట్టదు.”

ఈ పట్టా తీర్పు అడిగితే గెలుపు లేజర్‌దే. 130 మీటర్ల పొడవునా రేకు దూర్చే మనిషి ఎక్కడా ఉండడు. అయితే లేజర్‌నూ ఎవరో పరీక్షించాలి. కొలతలు ముందే తెలిసిన నమూనా ముక్కను దానికి చూపించి, అది నిజం చెబుతోందో లేదో తేల్చుకునేది ఆ బాబాయి లాంటివాళ్లే.

లేజర్‌కు తెలియనిది లోపలి సంగతి. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల్లో 1.6 భాగాలకు మించితే రైల్వే ప్రమాణం ఒప్పుకోదు. మిగిలిపోతే లోపల సన్నని పగుళ్లు పుట్టగలవు. అందుకే లోపలికి అల్ట్రాసోనిక్, పైపొరకు ఎడ్డీ కరెంట్ పరీక్షలు వేరే ఉంటాయి. అన్నీ దాటాక రైల్వేల తరఫున రైట్స్ సంస్థ ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకోవాలి.

ఈ పట్టా ఒప్పుదల పొంది, తోబుట్టువుతో వెల్డయి 260 మీటర్ల ప్యానెల్‌గా మారి, వ్యాగన్ల వరుస మీద బయలుదేరింది. లైను మీద పడ్డాక కూడా కొలత తప్పదు. ట్రాక్ పరీక్షించే బండి కింద మళ్లీ లేజర్లే. ఇక్కడ అర మిల్లీమీటరు పట్టింపు లేదు. మీటరుకు సుమారు 60 కిలోలు తూగే ఇలాంటి పట్టా తల నిలువునా 13 మిల్లీమీటర్లు అరిగిందా లేదా అన్నది చూస్తారు.