వాస్తు సరే, మోత మాటేంటి?

ఫ్లాట్ అమ్మేటప్పుడు కార్పెట్ ఏరియా ఎంతో కచ్చితంగా చెప్పాలంటోంది 2016 నాటి రెరా చట్టం. ఈశాన్యం ఎటుందో బ్రోకరు అడక్కుండానే చెబుతాడు. గోడవతలే ఫంక్షన్ హాలుందన్న ముక్క మాత్రం అడ్వాన్సు ఇచ్చాక బరాత్ డీజే వచ్చి చెబుతుంది! నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దన్న నిబంధన 2000 నుంచీ ఉంది. పాపం, ఆ మోతలో అది ఎవరికీ వినబడదు. ఫ్రాన్స్‌లో విమానాల రొద పడే ఇళ్లను అమ్మినా, అద్దెకిచ్చినా ఆ సంగతి ముందే కాగితం మీద పెట్టాలని 2020 జూన్ నుంచి రూలు. మనకా కాగితం వచ్చేదాకా ఇల్లు చూడ్డానికి మూఢంలో కాదు, మంచి ముహూర్తాల రోజుల్లో రాత్రి పదింటికి వెళ్లండి. బ్రోకరు మాట వినబడితేనే అడ్వాన్సు తీయండి!