ఉత్తరాల పని

పారిస్‌లో కెమెరాలమ్మే ఒక కంపెనీలో ఆలిస్ గీ సెక్రటరీ. వచ్చిన ఉత్తరాలు విప్పాలి, యజమాని చెప్పే జవాబులు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవాలి, టైపు కొట్టి సంతకానికి పెట్టాలి. తండ్రి పోయాక తల్లినీ తననూ పోషించుకోవడానికి నేర్చుకున్న విద్య అది.

1895 మార్చిలో లూమియేర్ సోదరులు తమ కొత్త యంత్రాన్ని పెద్దమనుషులకు చూపిస్తుంటే, యజమాని లియోన్ గోమాన్‌తో పాటు ఆమె కూడా వెళ్ళింది. తెరమీద కూలీలు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చారు. ఆట అంతే.

తర్వాత గోమాన్ కూడా కదిలే బొమ్మల కెమెరా అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళకు చూపించడానికి స్టేషన్లోకి వచ్చే రైలో, కవాతు చేసే సైనికులో ఉన్న ముక్కలు కొన్ని తీయించేవాడు. చీరలకొట్టులో కొంగు పరిచి చూపిస్తారే, అలాగన్నమాట. బేరం కెమెరాది, బొమ్మ కొసరు. ఆలిస్‌కి ఆ రైళ్ళూ కవాతులూ విసుగు పుట్టించాయి. పుస్తకాల వ్యాపారి కూతురు, కథల మధ్య పెరిగిన పిల్ల. ఒకటి రెండు చిన్న కథలు రాసి, స్నేహితులకు వేషాలు కట్టి ఈ కెమెరాతో తీస్తానని బెరుగ్గానే అడిగింది.

గోమాన్ కాదనలేదు. ఎలాగూ ఆడపిల్లల ఆటలాంటిదే కదా, కానివ్వమన్నాడు. ఒక్కటే షరతు: ఉత్తరాల పని కుంటుపడకూడదు.

ఈ సంగతి ఆమే తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఆ పుస్తకం అచ్చయింది 1976లో, ఆమె పోయిన ఎనిమిదేళ్ళకి.

బెల్‌విల్ పేటలో కంపెనీ ల్యాబొరేటరీ పక్కన ఒక పాత డాబా ఉంటే అదే స్టూడియో అయింది. విసనకర్రల మీద బొమ్మలేసే ఆయన వెనక తెర గీశాడు. చెక్కతో క్యాబేజీలు కోయించారు. అబ్బాయిలు క్యాబేజీల్లో పుడతారని ఫ్రాన్సులో పిల్లలకు చెప్పే కబురు ఒకటుంది. ఆ క్యాబేజీల్లోంచి ఒక దేవకన్య పసిపిల్లల్ని తీసి చూపిస్తుంది, నిమిషం సేపు. ఆమె లెక్కలో అది 1896. ఆ తేదీ మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. పగలు బెల్‌విల్‌లో సినిమా, సాయంత్రం ఆఫీసుకొచ్చి పొద్దుపోయేదాకా ఉత్తరాలు. షరతు షరతే.

ఆ కొసరే కొన్నాళ్ళకు అసలు వ్యాపారమైంది. కంపెనీ సినిమాలన్నిటికీ ఆమే పెద్ద. మాటా పాటా జతచేసిన చిన్న చిత్రాలు వందకు పైగా తీసింది. 1906లో 25 దృశ్యాలతో, దాదాపు 300 మంది జనంతో క్రీస్తు జీవితం తీసింది. దానికి సహాయకుడు విక్టోరిన్ జాసే. కథలు రాయడానికి లూయీ ఫుయాద్ అనే కుర్రాణ్ణి చేర్చుకుంది. 1907లో హెర్బర్ట్ బ్లాషేని పెళ్ళాడి అమెరికా వెళ్తూ, తన కుర్చీ ఫుయాద్‌కివ్వమని గోమాన్‌కి తనే చెప్పింది. ఆ ఫుయాద్ 600 పైచిలుకు సినిమాలు తీసి చరిత్రకెక్కాడు.

అమెరికాలో 1910లో సోలాక్స్ అని సొంత కంపెనీ పెట్టింది. రెండేళ్ళకు న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో స్టూడియో కట్టింది. నటులకు కనబడేట్టు గోడమీద ‘సహజంగా ఉండండి’ అని పెద్దక్షరాలతో రాయించింది. చిన్నవీ పెద్దవీ కలిపి ఆమె చేతిమీదుగా వెయ్యి దాకా వచ్చాయంటారు. ఆ తర్వాతి కథ మనకు తెలియనిదేం కాదు: అప్పులు, మొగుడు, వేలం. 1922లో ఇద్దరు పిల్లలతో ఫ్రాన్సుకి తిరిగొచ్చి పని అడిగితే, ఏం తీశావో చూపించమన్నట్టే ఉంది లోకం. చూపించడానికి చేతిలో ఒక్క రీలు లేదు. 1927లో వెతుక్కుంటూ మళ్ళీ అమెరికా వెళ్ళింది. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనూ దొరకలేదు.

1930లో గోమాన్ తన కంపెనీ చరిత్రను అచ్చు వేయించాడు. ఆలిస్ చదివింది. అందులో కంపెనీ సినిమాలు తీయడం 1907 తర్వాతే మొదలైంది. అంటే ఆమె కుర్చీ ఖాళీ చేశాక. అటుపైన వచ్చిన సినిమా చరిత్రల్లో ఆమె క్రీస్తు, సహాయకుడు జాసే పేరుమీద వెలిశాడు.

ఆలిస్ కాగితం ముందు కూచుంది. పాత యజమానికి రాసింది. తప్పు దిద్దిస్తానని ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. దిద్దిన ప్రతి అచ్చు కాలేదు. 1946లో ఆయన పోయాడు. ఆమె చరిత్రకారులకు రాసింది, ఫిల్ము భాండాగారాలకు రాసింది, సినిమాల పేర్లు, సంవత్సరాలు, ఎవరు వేషం కట్టారో, ఎవరు తెర గీశారో అన్నీ గుర్తుచేసుకుని జాబితాలు కట్టి పంపింది. ఫ్రాన్సు ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఇచ్చేనాటికి ఆమె ముసలిదైపోయింది. పతకం వచ్చింది కానీ రీళ్ళు రాలేదు, మళ్ళీ రాసింది.

ఉత్తరాల పని మాత్రం ఎన్నడూ కుంటుపడలేదు.