ముందు షాకప్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

సీలు మార్చవలెను జీర్ణమై కారుచో;
నూనె కొలిచి రెంట నొక్కరీతి;
రాడు వంగెనేని రాయబారము లేల?
కొత్త రాడు దెచ్చి కూర్పవలయు.

అవతారిక: పద్యం నాదే, టీకా నాదే. కవి, వ్యాఖ్యాత ఒక్కడే అయితే కవిహృదయం గూర్చి కొట్లాట ఉండదనుకున్నాను. ఉంది, ముందు ముందు చూస్తారు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలైనాయి గాని గుంతలు మాత్రం ఉమ్మడిగానే ఉన్నాయి. గోదావరిఖని, మందమర్రి దారుల్లో బొగ్గుదుమ్ము. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీల పొడి. ఉట్నూరు, జైనూరు వైపు వానాకాలంలో రేగడి బురద. 1996లో తయారీ ఆగిపోయిన ఆర్ఎక్స్ 100 కానీ, తాతల నాటి బుల్లెట్ కానీ, ఈ దారుల్లో బతికున్నదంటే దాని ముందు షాకప్ ఎన్నోసార్లు విప్పి బిగించినదే అయి ఉంటుంది.

ప్రతిపదార్థము: జీర్ణమై = పెదవి అరిగినదై; కారుచో = నూనె చెమర్చి, రాడు మీద నల్లటి వలయము కట్టి, క్రమముగా బ్రేకు మీదికి దిగుచుండగా; సీలు = రాడుకు, దానిపై జారెడు బాటమునకు (కింది గొట్టమునకు) నడుమ సందును మూసెడి రబ్బరు కట్టు; మార్చవలెను = పీకి పారవేసి కొత్తది వేయవలెను; రెంటన్ = షాకప్ కుడియెడమ కాళ్ళు రెంటియందును; ఒక్కరీతి = ఒకే పాళ్ళలో; నూనె కొలిచి = షాకప్ ఆయిల్‌ను కొలిచి (పోయవలెనని అధ్యాహారము; చోటు చాలక కవి మింగినాడు); రాడు = క్రోమియం పూత గల లోపలి ఉక్కు గొట్టము; వంగెనేని = లారీకో, ఆవుకో, చెప్పకుండా వేసిన స్పీడ్ బ్రేకరుకో తగిలి వంకర పోయినచో; రాయబారములు = బేరములు; ఏల = ఎందులకు; తక్కినది స్పష్టము.

అన్వయము: ఇక్కడే తగాదా. పద్యంలో సీలు ముందు, రాడు తరువాత. ఈ వరుసనే పనిచేస్తే నెల తిరగకముందే బండి మళ్ళీ కారుతుంది. మీమాంసకులు ఈ చిక్కును ఏనాడో తీర్చారు. అగ్నిహోత్రం చేయమని ముందు, గంజి వండమని తరువాత చెప్పిన చోట, ఆ గంజితోనే హోమం గనుక వండడమే ముందని తేల్చారు. పాఠక్రమం కన్న అర్థక్రమం బలమైనది. కాబట్టి మూడో పాదాన్ని మొదటికి తెచ్చి చదువుకోవాలి: ముందు రాడు చూడు, తరువాత సీలు కొను.

చూసే విధానం. రాడును గుడ్డతో తుడిచి, పత్తిచేనులో నుంచి ఇంత దూది తెచ్చి పై నుంచి కిందికి మెల్లగా రాయాలి. ఆదిలాబాద్‌లో దూదికి కొదవ లేదు. ఎక్కడ పోగు చిక్కుకుంటుందో అక్కడ పూత లేచింది, తుప్పు గుంట పడింది. కంటికి ఆనని గుంటను దూది పట్టిస్తుంది. సీలు తిరిగే చోట అలాంటి గుంట ఒక్కటున్నా చాలు, కొత్త సీలు పెదవి కోసుకుపోతుంది. ఇక వంకర చూడటానికి కరీంనగర్ గ్రానైటు పలక మీద రాడును దొర్లించాలి. కింద వెలుతురు ఆడితే వంగినట్టు. చాలావరకు వంగేది రెండు కాళ్ళనూ పట్టి ఉంచే కింది క్లాంపు దగ్గరే.

సీలు వేయడంలో రెండు మాటలు. స్ప్రింగు కనిపించే ముఖం లోపలికి, నూనె వైపు ఉండాలి. రాడు పై అంచు పదునుగా ఉంటుంది గనుక ప్లాస్టిక్ కవరు తొడిగి, నూనె రాసి, దాని మీదుగా సీలును జార్చాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి దించేవారున్నారు. వారిని ఈ వ్యాఖ్యానం గుర్తించదు.

రెండవ పాదము: నూనె జారుడు కోసమని చాలామంది నమ్మకం. బరువు మోసేది స్ప్రింగు. నొక్కితే తిరిగి ఎగిరిపడటం దాని స్వభావం. ఆ ఎగురుడును అణచేది నూనె. సన్నని రంధ్రాల్లో నుంచి దూరిపోవలసి వచ్చి కుదుపు వేగాన్ని మింగుతుంది. 1935లో జర్మనీలో బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్ 12 బండికి ఈ ఏర్పాటుతో టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టారు. శంక: ఇంజనాయిలే పోస్తే? సమాధానం: బండి నడుస్తుంది. కానీ పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు తెల్లారగట్ల బయలుదేరి చూడండి. పది డిగ్రీల కిందికి దిగిన చలిలో చిక్కటి నూనె కదలనంటుంది, ప్రతి రాయీ మోచేతికి తెలుస్తుంది. బండి పుస్తకం ఏది రాస్తే అది, ఎంత రాస్తే అంత. ఎక్కువ పోస్తే లోపలి గాలికి చోటు తగ్గి ఒత్తిడి సీలు మీద పడుతుంది. ఒక కాలిలో ఎక్కువ, ఒక కాలిలో తక్కువ అయితే రెండూ రెండు తీర్ల పనిచేస్తాయి. గీతలున్న పాలసీసాతో కొలిచే మెకానిక్‌ను నమ్మవచ్చు. "అందాజ గింత" అనేవాడిని కొంచెం ఆపి చూడాలి.

మూడవ పాదము, రాయబారము: ఇది షెడ్డు ముందు జరిగే ఉద్యోగపర్వం.

"తమ్మీ, రాడ్ జర సాపు జెయ్యరాదు? కొత్తదెందుకు?"

"లేత్ మిషన్ కాడికి దీస్కపోతె ప్రెస్ మీద వెట్టి సాపు జేస్తరు కాకా. గని పూత పగిలితె మల్ల కారుతది. అప్పుడు నన్ననొద్దు."

"అననుతియ్."

అంటాడు. తప్పకుండా అంటాడు. కొంచెం వంకర అయితే ప్రెస్సుతో సరిచేయడం కుదురుతుంది. మడత పడినదానికి కుదరదు. ఈ భేదం పద్యంలో లేదు, కవి తొందరపాటు. విడిభాగాలు దొరకని పాత బండ్లకైతే రాడును గ్రైండింగ్ చేయించి మళ్ళీ క్రోమ్ పూత వేయిస్తారు. అది ఖర్చుతో కూడిన రాయబారం, దాన్ని తప్పుపట్టను.

నాలుగవ పాదము: "కొత్త రాడు" అని ఏకవచనం. వంగింది ఒకటైతే ఒకటే మార్చవచ్చు. సీళ్ళు మాత్రం జంటగా మార్చాలి, ఒకటి పోయిందంటే రెండోదానికీ అదే వయసు. "కూర్పవలయు" అన్నదానిలో ఒక సంగతి దాగి ఉంది: చక్రం వేశాక ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు కిందికి నొక్కి, కాళ్ళు రెండూ తమ చోట కూర్చున్నాకే ఇరుసు పక్కనున్న బోల్టు బిగించాలి. ముందే బిగిస్తే కాళ్ళు ఒకదానినొకటి లాగుతూ బిర్రుగా కదులుతాయి, కొత్త సీలు మీద పక్కబరువు పడుతుంది.

లేబర్ ఛార్జి ఎంత అన్నదానికి పద్యంలో చోటు లేదు. ఆటవెలదికి పాదాలు నాలుగే.