మా రోజుల్లో యంత్రం మెడమీదే ఉండేది

ఒరే నాయనా, ఆ ఫోన్లోంచి తలెత్తవని తెలుసు. అయినా చెప్తా, ఒక చెవి ఇటు పడెయ్. మొన్న చలికాలంలో మా మనవడు మెల్‌బోర్న్ నుంచి ఢిల్లీ మునిర్కాలోని మా ఇంటికి వచ్చాడు. తాతకో స్వెట్టరు తెస్తాడనుకున్నా. పెట్టె విప్పితే ఒక కర్ర, దాని చివర పళ్ళెం, చెవులకు రెండు డిప్పలు బయటపడ్డాయి. "ఏందిరా ఇది, మీ అవ్వకు ఇల్లు తుడిచే మిషనా?" అన్నా. "కాదు తాతా, బంగారం వెతికేది" అన్నాడు. వాడక్కడ శని ఆదివారాలు గుడికీ పోడు, సినిమాకూ పోడు. బెండిగో దిక్కు అడవుల్లో ఈ కర్ర ఊపుకుంటూ తిరుగుతాడట. రెండేళ్ళు తిరిగితే కందిగింజంత దొరికిందని ఫోన్లో ఫోటో చూపించాడు. గింజ కంటే ఫోటోనే పెద్దగా ఉంది.

ఇదెట్లా పనిచేస్తుందో నాకూ చెప్పాడులే. నేను మొద్దునని అనుకుంటారు గానీ, ముప్పై ఏళ్ళు సెంట్రల్ గవర్నమెంటు ఫైళ్ళు చదివినవాణ్ణి. ఆ పళ్ళెంలో రాగితీగ చుట్ట ఉంటుంది. దానికి కరెంటు ఇస్తే నేలలోకి అయస్కాంత శక్తి దిగుతుంది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టి, తిరిగి చుట్టను కదిలిస్తాయి. అదే చెవిలో కూత. ఇంతే. ఇంతదానికి మెళ్ళో డిప్పలు, నడుముకు బ్యాటరీ, మోకాళ్ళకు తొడుగులు. యుద్ధానికి పోయేవాడు కూడా అంత కట్టుకోడు.

ఈ విద్య కొత్తదేం కాదు కూడా. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఎవడో కాలిస్తే, ఒంట్లో తూటా ఎక్కడుందో పట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇట్లాంటి యంత్రమే చేసి తీసుకెళ్ళాడు. ఎక్కడ పెట్టినా కూతే. మంచం పరుపులో ఇనుప స్ప్రింగులున్నాయట! పాపం, గార్‌ఫీల్డ్ ఆ ఏడు సెప్టెంబరులోనే పోయాడు. మా ఇంట్లో మాదిరి నవారు మంచం ఉంటే బెల్ పరువన్నా దక్కేది.

సరే, మునిర్కా కథకు వస్తా. మా ఫ్లాట్ల ముందు పార్కులో వీడు కర్ర తిప్పడం మొదలుపెట్టగానే చుట్టూ జనం. ఢిల్లీలో ఈ యంత్రమంటే మెట్రో స్టేషన్లో ఒళ్ళు తడిమేది తప్ప ఇంకోటి ఎరగరు. చౌకీదారైతే బాంబు ఉందేమోనని పిల్లల్ని అవతలికి తోలాడు. గంటసేపట్లో దొరికినవి చెప్తా విను: సీసా మూతలు, తుప్పు మేకులు, ఒక పాత తాళం, వెండి రంగు గుట్కా కాయితాలు. గుట్కా కాయితానికీ బంగారు రేకుకూ యంత్రానికి తేడా సరిగ్గా తెలీదట! మా ఊరి కంసాలి కళ్ళు మూసుకుని చేత్తో తూచి చెప్పేవాడు.

ఒక రూపాయి బిళ్ళ కూడా దొరికింది. దొరికింది అనకూడదు. యంత్రం దాన్ని "ఇనుము, వదిలెయ్" అంటే, నేను కాలితో గెలికి తీశా. చూశావా, రూపాయి గతి! మా తాత కాలపు రూపాయి పదకొండున్నర గ్రాముల పైన తూగేది, అందులో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు కల్తీ. 1940లో వెండి సగమైంది. 1947లో నికెల్. ఇప్పుడు గిన్నెల స్టీలు. యంత్రం కూడా గడ్డి పరకలాగా తీసిపారేస్తోంది.

ఇదంతా చూసి, హుక్కా పక్కన పెట్టి, మా మునిర్కా గ్రామం జాట్ పెద్దాయన ఒక మాటన్నాడు: "బాబూజీ, ఇక్కడి బంగారం నేలలోనే ఉండేది, నిజమే. గోధుమ చేలన్నీ సర్కారు తీసుకుంది. ఇప్పుడు బంగారం మా ఇళ్ళ అద్దెల్లో ఉంది." వాళ్ళ సందుల్లో ఆరంతస్తుల మేడలు చూస్తే ఆయన మాటకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

మా ఊరు చెప్తా ఇప్పుడు. అసలు చెప్పాలనుకున్నది ఇదే, నువ్వే మధ్యలో నన్ను పార్కులోకి లాగావు. మాది కర్నూలు జిల్లా, తుగ్గలి దిక్కు. తొలకరి పడిందంటే జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చేలల్లో జనం వంగిపోతారు, పైన అనంతపురం జిల్లా వజ్రకరూరు దాకా. వాన మట్టిని కడిగితే రాళ్ళు పైకి తేలతాయి, ఆ రాళ్ళలో వజ్రం ఉండొచ్చు. వజ్రాన్ని కడుపులో దాచుకున్న రాతి గొట్టాలు వజ్రకరూరు కింద ఉన్నాయని భూగర్భశాస్త్రం వాళ్ళు తరవాత చెప్పారు. మా అవ్వకు ముందే తెలుసు, ఆమె ఏ కాలేజీకీ పోలేదు.

తెల్లారకముందే జొన్నరొట్టె, గురెల్ల పొడి మూట కట్టుకుని పోయేవాళ్ళం. ఎండ ముఖానికి పడేటట్టు నిలబడాలి. ఒక్కో అడుగు, ఒక్కో రాయి. చేను ఈ కొసనుంచి ఆ కొసకు, మళ్ళీ ఆ కొసనుంచి ఈ కొసకు, ఎద్దు దుక్కి తిరిగినట్టు. తమాషా ఏందంటే, పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనం ఉంది. అందులో కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు చెక్కారు. ఆ చెక్కినవాడూ మా చేలో వజ్రాలు ఏరినవాడే అయ్యుంటాడని నా సొంత సిద్ధాంతం, ఎవరూ ఒప్పుకోలేదు. జొన్నగిరే ఆ రోజుల సువర్ణగిరి అని మాత్రం పెద్ద పండితులే అన్నారు. ఆ అశోకుడి శాసనమే ఢిల్లీలోనూ ఒకటుంది, కాల్కాజీకి దగ్గర్లో, బహాపూర్ బండ మీద. 1966లో అక్కడ ఇళ్ళు కట్టబోయిన కాంట్రాక్టరు కంట పడింది. చూశావా, కంట పడింది. కూత పెట్టలేదు.

మా వాడు ఈ కర్ర పట్టుకుని జొన్నగిరి పోదాం తాతా అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒరే, వజ్రం లోహం కాదురా! ఆ పళ్ళెం కింద కోహినూరు పెట్టినా నోరు మెదపదు. "మరి బంగారం ఉంది కదా తాతా" అంటాడు. ఉంది, టన్ను రాయి పిండి చేస్తే గ్రామో గ్రామున్నరో వస్తుంది, కంటికి కనపడని నలకలుగా. దానికోసం ఇప్పుడు కంపెనీవాళ్ళు గని పెట్టారు. ఇదివరకు తెల్లదొరలు అప్పటి అనంతపురం జిల్లా రామగిరిలో తవ్వారు. కోలారులో మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు, అందులో మన చిత్తూరువాళ్ళ చెమట ఎంతో. 2001లో అదీ మూసేశారు. అట్లాంటి బంగారానికి గనులు, మిల్లులు కావాలి గానీ కర్రలు చాలవు.

గడ్డలుగా దొరికేది వాడుండే విక్టోరియా లాంటి చోట్ల. 1980లో కింగోవర్ దగ్గర ఒకాయనకు ఇట్లాంటి యంత్రంతోనే అడుగు లోతున ఇరవై ఏడు కిలోల ముద్ద దొరికింది. దాన్ని లాస్ వెగాస్ జూదశాలవాళ్ళు కొనుక్కుపోయారట. మా వాడు ఇది గొప్పగా చెప్పాడు. నేను వదుల్తానా? "1869లో మోలియాగుల్‌లో దొరికిన ముద్ద ఎంతరా?" అన్నా. గతుక్కుమన్నాడు. డెబ్భై కిలోల పైచిలుకు! చెట్టు మొదట్లో, వేలెడు లోతు కూడా లేదు, గునపానికి తగిలింది. ఊళ్ళో తూచడానికి త్రాసు చాలక దాగలి మీద ముక్కలు చేశారు. నూట పదకొండేళ్ళ ముందు, బ్యాటరీ లేకుండా. ఈ ముక్క నాకెట్లా తెలిసిందని అడగొద్దు. ముందురోజు రాత్రి వాడి ఫోన్లోనే చూశా.

ఢిల్లీలో యంత్రం లేకుండా బంగారం ఏరేవాళ్ళు నిన్నమొన్నటి దాకా దరీబా కలాన్‌లో ఉండేవాళ్ళు, న్యారియాలని. కంసాలి దుకాణాల ముందు దుమ్ము ఊడ్చి, మోరీ బురద ఎత్తి, కడిగి కడిగి రవ్వంత తీసేవాళ్ళు. మన దిక్కు దాన్నే జలగడగడం అంటారు. ఎంత ఓపిక కావాలి! మీకు బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

మా రోజుల్లో అందరూ సత్తెకాలం మనుషులే అనుకోవద్దు. లంకెబిందెలు చూపిస్తానని పిల్లవాడి బొటనవేలి గోటికి అంజనం పూసి, కోడినీ సారానూ దక్షిణగా పట్టుకుపోయినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఇప్పటి దొంగలు ఇదే యంత్రంతో పాత గుళ్ళు తవ్వుతున్నారు. అంజనంవాడు కోడితో సరిపెట్టుకున్నాడు, గుడి వదిలేశాడు. నేలలో పది రూపాయల పైన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 చట్టం. ఇంతకాలం మారకుండా మిగిలింది ఆ పది రూపాయలొక్కటే. అది మార్చినా నేనేం అనుకోను.

నాకు ఏం దొరికిందంటావా? అడుగుతావని భయపడుతూనే ఉన్నా. పన్నెండేళ్ళు వంగి వంగి వెతికితే ఒకటి దొరికింది. తళతళా మెరిసింది. మూడు నెలలు కర్పూరం డబ్బాలో దాచి, గుత్తికి బస్సెక్కి వ్యాపారికి చూపించా. ఆయన ఎగాదిగా చూసి, అవతల ఉన్న సోడా బండి వైపు వేలు చూపించాడు. గోలీసోడా బుడ్డి పెంకు.

ఇంకోటి కూడా చెప్పేస్తా, మా ఇంటామె ఎట్లాగూ చెప్తుంది. ఆ రోజు పార్కులో యంత్రం అన్నిటికంటే గట్టిగా కూసింది నా కుడి మోకాలి దగ్గర. మూడేళ్ళ కింద చిప్ప మార్పించారు. పిల్లకాయలంతా చప్పట్లు కొట్టారు. మునిర్కా మొత్తం మీద వాడికి దొరికిన ఖరీదైన లోహం నేనే.

ఆ మోకాలు ఇప్పుడు వంగదు, కానీ కళ్ళు బాగున్నాయి, శుక్లాలు తీయించుకున్నా. మీలో ఎవరన్నా ఈసారి తొలకరికి కారులో తుగ్గలి దిక్కు పోయేటట్టుంటే, వెనక సీటులో ఒక ముసలాయనకు చోటు ఉంచండి. జొన్నరొట్టెలు నేను తెస్తా, కర్ర మాత్రం తేవద్దు.